ముప్పై ఎనిమిదో ప్లాటులో మూడు పేర్లు

దయ్యాలకని నేను ఏనాడూ ఒక్క నిమ్మకాయ కూడా ఖర్చు పెట్టలేదు. పిల్లలకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను గాని తాయెత్తు కట్టించలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఎల్బీనగర్ దగ్గర మా కాలనీ ఎనభైల్లో మొదలైంది. పాతికేళ్లు నిండాయని సంఘం వాళ్లు వెబ్‌సైటు పెట్టాలనుకున్నారు. మొట్టమొదట ఏ ప్లాటులో ఎవరు ఉండేవారో అందులో చూపించాలి. ఆ పని మా మనవరాలు శ్రావణికి ఇచ్చారు. తను అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తోంది.

సంఘం మొదలైన కొత్తలో మా ఆయన రాసిన పాత రిజిస్టరు నా పెట్టెలోనే ఉంది. నేను చదువుతుంటే శ్రావణి టైపు చేసింది. ముప్పై ఎనిమిదో నంబరు దగ్గర "ఖాళీ" అని ఉంది. అట్లాగే చదివాను. తను అట్లాగే కొట్టింది. నా కళ్లతో చూశాను.

"మనకు కనిపించే పేజీ ఒకటి నానమ్మా, పేర్లు దాచిన డేటాబేస్ ఇంకోటి. రెండింటిని కలిపితేనే పేర్లు పేజీ మీదికి వస్తయ్" అని శ్రావణి చెప్పింది. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పాస్‌వర్డ్ ఏదో కొట్టి కలిపింది. పేర్లన్నీ వరుసగా వచ్చాయి. ముప్పై ఎనిమిది దగ్గర యాదమ్మ, పెంటయ్య, కళావతి అని వచ్చింది.

శ్రావణి డేటాబేస్ తెరిచి చూసింది. అక్కడ "ఖాళీ" అనే ఉంది. రెండింటినీ విడదీస్తే పేజీలో అన్ని పేర్లూ పోయాయి. మళ్లీ కలిపితే అన్నిటితో పాటు ఆ మూడూ వచ్చాయి. మొత్తం తుడిచేసి మొదటినుంచి టైపు చేసింది. అయినా వచ్చాయి. పాత కాపీ ఏదో మిగిలి ఉంటుందని కోర్సు చెప్పే సారు అన్నాడట. నెట్ సెంటర్లో వేరే కంప్యూటర్ మీద చూసినా అవే పేర్లు.

"ఎవరు నానమ్మా వీళ్లు?"

"నాకేం ఎరుక" అన్నాను.

నాకు తెలుసు. మేం ఇల్లు కట్టిన కొత్తలో కాలనీలో ఉన్నవి మూడే ఇళ్లు. మిగతావి రాళ్లు పాతిన ప్లాట్లు. ఎవరైనా ఆక్రమిస్తారని భయపడి, దూరాన ఉండే యజమానులు కాపలాకు మనుషులను పెట్టేవారు. మా పక్కనున్న ఈ ముప్పై ఎనిమిదో ప్లాటులో రేకుల షెడ్డు వేసుకుని యాదమ్మ, ఆమె పెనిమిటి పెంటయ్య ఉండేవారు. మా బావిలోనే నీళ్లు తోడుకునేవారు. ఆడపిల్ల పుడితే, ఇరవై ఒకటో నాడు యాదమ్మ ఆ బిడ్డను నా ఒళ్లో పెట్టి నన్నే పేరు పెట్టమంది. కళావతి అన్నాను.

తర్వాత కొన్నాళ్లకే రేషన్ కార్డుల కోసం సర్కారు మనిషి వచ్చాడు. పక్కన ఎవరున్నారని అడిగాడు. "అది ఖాళీ జాగ సార్. ఆడ ఎవ్వరు లేరు" అన్నాను. కాగితం మీద పేరెక్కితే వాళ్లిక ఆ ప్లాటు వదలరని నా భయం. దాన్ని మా తమ్ముడితో కొనిపించాలని నా ఆలోచన. తమ్ముడు కొననే లేదు. మా ఆయన చేత రిజిస్టరులోనూ "ఖాళీ" అని రాయించింది నేనే.

యాదమ్మ అప్పుడు మా బావి దగ్గరే ఉంది. బొక్కెన లాగుతూ అంతా విన్నది. బిందె నింపుకుని పోయింది. కార్డు రాలేదు. నెల తిరగకముందే బిడ్డను ఎత్తుకుని ఎటో వెళ్లిపోయారు. ఆ బిడ్డ పేరు మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా ఆయన పోయాక అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నాలుగు రోజులు నోరు మెదపలేదు. ఆదివారం సంఘం మీటింగులో గోడ మీద తెర కట్టి ఆ పేజీ చూపించారు. శ్రావణి ముందే చెప్పుకుంది, ఆ పేర్లు తాను రాయలేదని. ఎవరూ నమ్మలేదు. ఎదురింటి సత్తెమ్మ నవ్వి, "గట్లయితే మా ప్లాటు కాడ జర ఒక నవాబు పేరు రాపియ్యి బిడ్డా" అంది. అందరూ నవ్వారు.

సెక్రటరీ గారు కోస్తా వైపు మనిషి, మెత్తగానే మాట్లాడతారు. "లేనివాళ్ల పేర్లు కల్పించకూడదమ్మా. రేపు ఆ ప్లాటు వాళ్లొచ్చి అడిగితే నేనేం చెప్పను? ఈ పని ఇంకొకరికి అప్పగిద్దాంలే" అన్నారు. శ్రావణి తల వంచుకుంది. కన్నీళ్లు కంప్యూటర్ మీద పడుతుంటే చున్నీతో తుడిచింది.

అప్పటికీ నేను వెంటనే లేవలేదు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఎవరో లైటు వేశారు, జనం లేవబోయారు. అప్పుడు లేచాను.

"పిల్లది కల్పించలేదు. ఆ ముగ్గురు ఆడ ఉన్నరు. లేరని చెప్పింది నేను" అన్నాను.

రేషన్ కార్డు సంగతి, బావి సంగతి అన్నీ చెప్పాను. సత్తెమ్మ నా వైపు చూడకుండా చెప్పులేసుకుంది. సెక్రటరీ గారు "సరేనమ్మా, ఆ పేర్లు రాసేయండి" అన్నారు.

సాయంత్రం శ్రావణి ఆ మూడు పేర్లూ డేటాబేస్‌లో టైపు చేసింది. ఇప్పుడు పేజీలో కనిపిస్తున్నాయంటే రాశాం కాబట్టి. రాయకముందు ఎట్లా కనిపించాయో శ్రావణి సారూ చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను.

పేరు పక్కన సొంత ఊరికి ఒక గడి ఉంది. ఏ ఊరు వాళ్లదని శ్రావణి అడిగింది. నల్లగొండ దిక్కు అన్నాను.

"దిక్కు కాదు నానమ్మా, ఊరు పేరు."

పేర్లు వాటంతట అవే వచ్చాయి గాని, ఊరు రాలేదు. అది నేను చెప్పాలి. నాకు తెలియదు. ఏడాది పైగా మా బావి నీళ్లు తాగిన మనిషిని, మీది ఏ ఊరని నేను ఒక్కనాడూ అడగలేదు.