అచ్చిపోయిందా?

హన్మకొండలో బస్సెక్కేసరికి కిటికీ పక్క సీటొక్కటే ఖాళీగా ఉంది. దాని అద్దం తెరిచే ఉంది, జరగదు. నాకు చెంపలో నరం నొప్పి. గాలి తగిలితే చాలు, కరెంటు షాక్ కొట్టినట్టు లేస్తుంది. పంటి నొప్పేమోనని ఒక మంచి పన్ను కూడా పీకించుకున్నాను. ఏళ్లుగా ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "తగ్గిందా?" లేదని చెబితే వాళ్ల మొహాలు వాడిపోతాయి. అందుకని తగ్గిందనే చెప్పేదాన్ని.

బస్సు కదలగానే గాలి కొట్టింది. కొంగు చెంపకు అదుముకుని ముందుకు వంగిపోయాను. పక్క సీటు పెద్దావిడ లవంగం పెట్టుకోమనలేదు, ఏ దవాఖానలో చూపించుకున్నావనీ అడగలేదు. నేను తలెత్తేదాకా ఆగింది.

"అచ్చిపోయిందా బిడ్డా?"

వచ్చిపోయే చుట్టం గురించి అడిగినట్టే అడిగింది.

"పోయింది పెద్దమ్మా. మళ్ల అస్తది."

"నాకు కాలుల నరం. గట్లనే అచ్చిపోతది. లే, నువ్విటు కూసో. కిటికీ కాడ నేను కూసుంట."

నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగేదాకా గాలంతా ఆవిడ మొహానికే కొట్టింది.

సాయంత్రం ఇంట్లో మా ఆయన అలవాటుగా "తగ్గిందా?" అన్నాడు.

"తగ్గలే. అచ్చిపోతాంది," అన్నాను.

ఆయన లేచి ఫ్యాను బంద్ చేశాడు. ఎండాకాలం. ఇద్దరం చెమటలు కక్కుతూనే అన్నం తిన్నాం.