మొలతాడుకు కట్టిన యుద్ధపు బిళ్ళ

ఇంటావిడ మెట్టెలు మార్చడానికని తిరుపతిలో వెండి అంగడికి పోయి, నిలబడలేక కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా తెరిచి ఉన్న అద్దాల పెట్టెలో పాతకాలపు యుద్ధ పతకం అచ్చుతో కొత్త వెండి నాణెం కనిపించింది. చేయి చాపానో లేదో, "తాకొద్దు సార్, మచ్చ పడతాది" అన్నాడు అంగడాయన.

ఓపిక లేకపోయినా నవ్వొచ్చింది. మన ఈడు వాళ్ళకు మొలతాడు గుర్తుందా? మీ అందరికీ చిల్లుకాణీ కట్టి ఉంటారు. నాకు మాత్రం మా తాత యుద్ధం నుంచి తెచ్చుకున్న పతకం! చొక్కా, నిక్కరు లేని ఒంటికి అదొక్కటే యూనిఫారం. పరిగెత్తితే పొట్టకు టపటపా కొట్టుకునేది. చలికాలం పొద్దున ఐసుముక్కే.

నాకు జ్వరం ముదిరిన రోజు అవ్వ దాన్ని మొదటిసారి కడుతుంటే తాత చూశాడు.

"ఏమే, దొరలు రొమ్ముకు తగిలించిందాన్ని వాని మొలకు కడతావా?"

"వీనికి ముందు ఇద్దరు బిడ్డలు పోయినారు గదా! తుపాకుల్లోంచి నిన్ను తెచ్చిన బిళ్ళ, జరంలోంచి వీణ్ణి తేదా?"

తాత వంగి, అవ్వ వేసిన ముడి మీద ఇంకో ముడి బిగించాడు.

యాభై దాటి ఒళ్ళు హూనమైంది గానీ, ఆ ముడి ఇంకా ఊడలేదబ్బా.