ఆకుకు రెండు చెంచాలు

సుగుణ లెక్క తప్పదు. కట్టకు ఇరవై ఐదు చొప్పున నలభై కట్టలు, రోజుకు వెయ్యి బీడీలు. లక్సెట్టిపేటలో ఆమె అద్దె గదికి ఒకటే కిటికీ. చాట మీదికి వంగి వంగి మెడ అలాగే ఉండిపోయింది. వేళ్ల కొసలు పొగాకు రంగు తేలాయి. బీడీ తాగేవాణ్ణి హెచ్చరించే దేశం, చుట్టే మనిషిని ఎలా ఉన్నావని కూడా అడగదు. దుబాయి పోయిన భర్త ఫోన్ చేసి రెండేళ్లయింది. పక్క గది ప్రవళిక ఇచ్చిన మనీప్లాంటు ఒక్కటే ఆమెకు తోడు. బీడీ చుట్టే తునికాకును తడిపినట్టే దాన్నీ ఆకుల లెక్కన తడిపేది: ఆకుకు రెండు చెంచాలు, తొమ్మిది ఆకులకు పద్దెనిమిది, రెండు పూటలకు ముప్పై ఆరు. పోస్తున్నంతసేపూ దానితో మాట్లాడేది. వారం తిరక్కముందే రెండాకులు పండి రాలాయి. ఏడు రెండ్లు పద్నాలుగని తగ్గించి పోసింది. మూడోదీ రాలింది. భయపడి ప్రవళికను పిలిచింది.

ప్రవళిక మట్టిలో వేలు పెట్టి చూసి నవ్వింది. "అక్కా, గిదేమన్న తునికాకు కట్టనా, ఆకులు లెక్కవెట్టి నానవెడుతున్నవ్? వేర్లు మురుగుతున్నయ్. వారానికి రెండుసార్లు గ్లాసెడు పోస్తె చాలు."

"బతుకుతదా మల్ల?"

"బతుకుతది. నడుమల ముట్టకు."

సుగుణ వేళ్ల మీద లెక్కవేసింది. రెండు నాలుగులు ఎనిమిది.

"నెలకు ఎనిమిదిసార్లేనా?" అంది. చెంచాను కొంగుతో తుడుస్తూ, చిన్నగా అడిగింది: "మరి కడమ దినాలు దీంతోని ఏం సాకు వెట్టుకొని మాట్లాడాలె?"