నారెప్ప మోకాలు, మా తాత కుర్చీ

మా వంశంలో ఎవరికీ వెన్ను వంగదు. మా తాత గుర్రమెక్కితే జీను మీద గుంజ పాతినట్టుండేదట. ఆస్తి కోర్టుల పాలయ్యాక నాకు మిగిలినవి రెండే: ఆయన కూర్చున్న టేకు కుర్చీ, ఆయన వెన్ను. ఆ వంగనితనాన్ని ఒక నిరపరాధి మోకాలికి నేను అంటించిన కథ ఇది. నవ్వండి, పరవాలేదు. మొదట్లో నేనూ నవ్వాను.

అప్పట్లో చింతామణిలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సులకు సహాయకుడిని. దాని పేరు చెప్పను, తప్పంతా నాదే. మంచం పట్టినవాళ్ల కీళ్లు బిగుసుకుపోకుండా రోజుకు మూడుసార్లు చేతులూ కాళ్లూ వంచి చాపడం నా పని. నర్సమ్మ మొదటిరోజే చేసి చూపించింది.

"ఒక చెయ్యి మడమ కింద, ఇంగో చెయ్యి మోకాలి కింద. మెల్లగా వంచాల. నొప్పంటే నిలపాల. అర్థమాయనా అప్పా?"

చేతులూ భుజాలూ దర్జాగా వంచేవాడిని. కాళ్లంటారా, ముక్కూ మొహం తెలియనివాళ్లవి కాబట్టి, పైకప్పు చూస్తూ కానిచ్చేవాడిని. అంతలో మూడో మంచం మీదికి నారెప్ప వచ్చాడు.

పాతపాళ్య దగ్గర మా పొలం దున్నిన మనిషి. చింతచెట్టు మీదినుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, కట్టు విప్పారు, మోకాలు మాత్రం బిర్రబిగిసి ఉంది. "మూడు వారాలు సరిగ్గా వంచితే గొంతుకూర్చోగలడు. లేకపోతే జన్మంతా కర్రకాలే" అన్నారు డాక్టరు. గొంతుకూర్చోలేనివాడు రాగి చేను కొయ్యలేడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నన్ను చూడగానే నారెప్ప కాళ్ల మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"అయ్యో చిన్నయ్యా! మీరు నా కాలు పట్టుకునేదా? నా కండ్లు పోతాయి."

"డ్యూటీ, నారెప్పా" అన్నాను, చేతులు వెనక్కి కట్టుకుని.

"మీ తాత ముందర నేను యాపొద్దూ కాలు సాపి కూసోలేదు. వద్దు సామీ."

అతను ఇంకొక్కసారి బతిమాలితే బాగుండునని నేను కాచుకుని ఉన్నాను. బతిమాలాడు. వెంటనే ఒప్పుకున్నాను.

"అయితే నేను చెబుతాను, నువ్వే వంచు."

"అట్లే కానీండి."

అలా భూప్రపంచంలో ఎక్కడా లేని వైద్యం మొదలైంది. నేను మూడడుగుల దూరంలో నిలబడి, కవాతు చేయించే సుబేదారులాగా "వంచు!" అంటాను. దుప్పటి కింద బొటనవేలు కదులుతుంది. "వంచినా చిన్నయ్యా." "చాపు!" "సాపినా." ఇద్దరమూ తెగ అలసిపోయేవాళ్లం.

నర్సమ్మ అటుగా వచ్చి అడిగేది. "ఏమప్పా నారెప్పా, బాగ వంచుతాండారా?"

"వంచుతాండారమ్మా! పానం పోతాండాది!" అని మూలిగేవాడు. ఆ మూలుగు ఎంత బాగా పదునెక్కిందంటే, పక్క మంచం ముసలాయన నన్ను కసాయివాడిలా చూసేవాడు.

మూడు వారాలయ్యాక డాక్టరు దుప్పటి తీసి, మడమ కింద చెయ్యి పెట్టి వంచబోయారు. కాలు మొత్తం రోకలిలా పైకి లేచింది. నారెప్ప మూలిగాడు. ఈసారిది నిజం మూలుగు. ఆ తేడా తెలిసినవాడిని వార్డులో నేనొక్కడినే.

"దీన్ని ఎవరయ్యా వంచింది?"

నా వెన్ను నిటారుగానే ఉంది. నారెప్పే జవాబు చెప్పాడు.

"చిన్నయ్యది తప్పు లేదు సామీ. మూడుపూట్లా వంచినారు. నా మోకాలే మొండిది."

ఆ తరువాత నర్సమ్మ తానే పూనుకుంది. పావు వంతు కూడా వంగలేదు. నారెప్ప కర్ర పట్టుకుని ఇంటికి పోతూ పోతూ నాకే దండం పెట్టాడు.

మరుసటి ఏడు కోతలయ్యాక, నా అద్దె గదికి వచ్చాడు, సంచిలో రాగులతో.

"నేను కొయ్యలేదులే చిన్నయ్యా. నా కూతురు కోసింది."

నేల మీద కూర్చోబోయాడు, కుదరలేదు. "నిలబడే ఉంటా" అన్నాడు. గదిలో ఉన్నది తాత కుర్చీ ఒక్కటే. పరాయివాడెవడూ అందులో కూర్చున్నది లేదు. చెయ్యి పట్టుకుని నారెప్పను కూర్చోబెట్టాను. వంగని కాలు సూటిగా ఎదురుగోడ మీద తాత పటం వైపు చాచుకుంది.

"అయ్యయ్యో, పెద్దయ్య మొగానికే కాలు సాపినానే!" అని కుర్చీతో సహా తిరగబోయాడు.

నేను నేల మీద కూర్చుని మడమ పట్టుకున్నాను.

"ఇప్పుడా చిన్నయ్యా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

నర్సమ్మ చెప్పినట్టే, మెల్లగా వంచాను. వేలెడంత కదిలి ఆగిపోయింది. నా వెన్ను మాత్రం పూర్తిగా వంగింది, ఏడాది ఆలస్యంగా.

"బాగ వంగినాది చిన్నయ్యా! పానం పోతాండాది!" అని మూలిగాడు నారెప్ప, పాత అలవాటుకొద్దీ.

కాబట్టి మా తాత కుర్చీ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మంచం మీద ఎవరు కనిపించినా ముందు మడమ పట్టుకుంటాను. ఊరూ పేరూ ఆ తరువాతే అడుగుతాను.