గున్నమ్మ బుట్టలో బోల్టు

మా ఊరిమీద విమానాలు తిరుగుతుంటే సంబరపడ్డ తెలివితక్కువవాళ్లలో నేనే మొదటివాణ్ణి. అది 1981 చలికాలం. భిలాయి పొలిమేర దాటాక ఎప్పుడో వేసిన రన్‌వే ఒకటి గడ్డి మొలిచి పడి ఉండేది. విమానం నడపడం నేర్పే క్లబ్బొకటి దాన్ని తీసుకుంది. పెద్ద ఉద్యోగుల కొడుకులు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. సెక్టర్ 7లో మా క్వార్టరు డాబా ఎక్కి చూస్తే ఆ విమానం అగ్గిపెట్టెంత కనిపించేది. మా వీధి వీధంతా చేతులూపేది. అంత దూరం నుంచి చప్పుడు తుమ్మెద రొదలా వినిపించేది గనక మాకదొక వేడుక. దాని కింద కూడా మనుషులుంటారని మాకు తట్టలేదు. తట్టినా చేతులూపడం మానేవాళ్లం కాదు, మా సంగతి నాకు తెలుసు.

ఆ కింద ఉన్న మనిషి గున్నమ్మ. టెక్కలి దగ్గరి పల్లె నుంచి మొగుడు చినబాబు వెంట వచ్చింది. చినబాబుది ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు కూలిపని. కాంట్రాక్టు మనిషికి క్వార్టరు ఇవ్వరు. అందుకని రన్‌వే చివర ముప్పై గుడిసెల బస్తీలో వాళ్లదొకటి. ఆమె నాటుకోళ్లను పెంచి, గుడ్లూ పిల్లలూ బుట్టలో పెట్టుకుని సెక్టర్లలోని మన ఆంధ్రావాళ్ల ఇళ్లకు తెచ్చేది. నోరు మంచిది కాదు. మా ఆవిడ సత్యలక్ష్మి గుడ్డును చెవి దగ్గర పెట్టి ఆడిస్తే, "ఊపకండమ్మా, అది గిలక కాదు" అనేది. బేరమాడేవాళ్ల గుమ్మం మళ్లీ తొక్కేది కాదు. ఎనిమిదేళ్లలో ఆమె వట్టి బుట్టతో మా ఇంటికి రావడం నేను చూడలేదు.

మొదటిసారి అలా వచ్చింది ఫిబ్రవరిలో.

"ఏమైంది గున్నమ్మా?" అంది మా ఆవిడ.

"ఏటి సెప్పమంటారమ్మా. పద్నాలుగు గుడ్లెట్టి పొదగేస్తే రెండే పిల్లలయ్యాయి. మిగతావన్నీ మురిగిపోనాయి. ఆ ఇమానం కప్పుమీంచి ఎల్లినప్పుడల్లా కోడి బుట్టలోంచి దూకి పారిపోతంది. గుడ్లు సల్లారిపోతన్నాయి."

"రోజుకు ఎన్నిసార్లు పోతుంది?" అన్నాను నేను.

"పొద్దున్న ఆరుకి మొదలెడితే పదకొండు దాకా అదే పని బాబూ. దిగినట్టే దిగి మళ్లీ లెగుస్తాది. దిగితే దిగిపోవచ్చు కదా, ఈ దొంగాటేటి? సంటిపిల్లలకి నిద్ర నేదు. ఇమానాలు కడిగిన నూనె నీళ్లు గెడ్డలోకి ఒగ్గీస్తన్నారు. గేదెలు మూతెట్టడం నేదు."

మా ఆవిడ అన్నింటికన్నా ముఖ్యమైనది అడిగింది. "బుట్టలో ఇనుము పెట్టలేదా?"

మా వైపు ఇది అందరికీ తెలిసిందే. కోడిని పొదగేసేటప్పుడు గుడ్ల మధ్య ఓ మేకో, విరిగిన కొడవలి ముక్కో పెడతారు. పెడితే ఉరుములకు గుడ్లు చెడవని నమ్మకం.

"మేకెట్టానమ్మా. ఉరుముకైతే మేకు సాలు, దీనికి సాల్నేదు. అందుకే మా ఆయన్ని పెద్దది తెమ్మన్నాను. కార్కానా గేటు బయట సెత్తలో పడున్న బోల్టు తెచ్చాడు, నా బొటనేలంత లావు. ఇంత ఇనుం సేసే ఊర్ల గుడ్లకి ఓ బోల్టు దొరకదేటి?"

నేను నవ్వాను. చదువుకున్నవాణ్ణి కదా. ఇనుముతో ఏమవుతుంది, అర్జీతో అవుతుంది అని చెప్పాను. ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తూ అందరికీ అర్జీలు రాసిపెట్టే పిచ్చి నాకుండేది. కార్ఖానా పెద్దల పేర రెండు పేజీల ఇంగ్లీషు దంచాను. డెసిబెల్ అన్న మాట నాలుగుచోట్ల వాడాను. అదేమిటో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. గున్నమ్మ వేలిముద్ర వేసింది. ఆమె బోల్టుమీద నాకెంత చులకనో, నా ఇంగ్లీషుమీద నాకంత గౌరవం.

విచారణకు వచ్చినవాడు శ్యామసుందర్ గారు. వృత్తికి ఉక్కు కార్ఖానాలో పెద్ద ఇంజనీరు, ఆ క్లబ్బుకు కార్యదర్శి. క్లబ్బుమీద ఫిర్యాదు వస్తే క్లబ్బు కార్యదర్శే విచారణ చేస్తాడన్నమాట. అయినా మన తెలుగువాడే కదా అని నేను పొంగిపోయాను. ఆయన ఆదివారం వచ్చాడు, అర్జీ రాసినవాణ్ణని నన్నూ బస్తీకి వెంటబెట్టుకెళ్లాడు. ఆదివారం విమానాలు ఎగరవు. చప్పుడు కొలిచే పెట్టెను గుడిసె ముందు స్టూలుమీద పెట్టించి, చేతులు కట్టుకుని అరగంట నిలబడ్డాడు. ఆ అరగంటలో చప్పుడు చేసింది గున్నమ్మ పుంజు ఒక్కటే. గొంతు చించుకుని నాలుగుసార్లు కూసింది.

"రాసుకోండి," అన్నాడాయన నాతో. "ఇక్కడ నమోదైన అతి పెద్ద శబ్దం ఫిర్యాదుదారు కోడిది."

నేను రాసుకున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, రాసుకున్నాను.

తర్వాత ఆయన గుడిసెలోకి తొంగి చూశాడు. కోడి లేచి పక్కకు నడిచింది. గుడ్ల మధ్య బోల్టు కనిపించింది. ఆయన దాన్ని రుమాలుతో తీసి అటూ ఇటూ తిప్పి, బోల్టు తలమీది ముద్ర చూశాడు.

"ఇది కార్ఖానా సొత్తు. ఎవరు తెచ్చారు?"

గున్నమ్మ దాచలేదు. దాచాల్సినది ఏదో ఉందని ఆమెకు తెలిస్తే కదా. "మా ఆయనే బాబూ. సెత్తలోది. గుడ్లకని తెచ్చాడు" అంది. ఎందుకు పెట్టిందో ఎంతో ఓపిగ్గా వివరించింది కూడా. ఆయన వినలేదు. బోల్టును రుమాలులో మూట కట్టుకుని జీపెక్కాడు.

మర్నాడు కాంట్రాక్టరు చినబాబును పిలిచి, సాహెబుకు కోపం వచ్చిందనీ, ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే శనివారం గేటు పాసు చింపేస్తాననీ చెప్పాడు. బోల్టు దొంగ అన్నాడు. పాసు లేని కూలికి ఆ ఊళ్లో ఏ కాంట్రాక్టరూ పని ఇవ్వడు. పిల్లల్ని తీసుకుని టెక్కలి బండి ఎక్కాల్సిందే. అక్కడ వాళ్లకు సెంటు భూమి లేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ మా గుమ్మంలో కూర్చున్నారు. చినబాబు పాసును ప్లాస్టిక్ కాగితంలో చుట్టి చేతిలో పట్టుకున్నాడు.

"పదకొండేళ్ల పాసు బాబూ" అన్నాడు.

"పోరాడదాం గున్నమ్మా. ఇంకా పైకి రాస్తాను" అన్నాను. ఆ మాట అంటూనే నా నోరు నాకే వెగటనిపించింది. పోయేది నా పాసు కాదు.

గున్నమ్మ వద్దంది. "మీరే రాసారు కదా బాబూ. మీరే తుడిపీయండి."

రాశాను. ఈసారి ఇంగ్లీషు ఇంకా బాగా కుదిరింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి క్లబ్బు ఆఫీసుకు వెళ్లాం. అది రన్‌వే పక్కనే. శ్యామసుందర్ గారి గది కిటికీ రెక్కల సందుల్లో దూది కుక్కి ఉంది. బస్తీకి చప్పుడు లేదని తేల్చిన పెద్దమనిషి తన కిటికీకి మాత్రం దూది పెట్టించుకున్నాడు. బల్లమీద మా పాత అర్జీ ఉంది, అది ఎగిరిపోకుండా దానిమీద ఆ బోల్టు ఉంది. చదువురాని మనిషి వేలిముద్ర వేసే ముందు కాగితం చదివి వినిపించాలని నియమం. నియమాలంటే ఆయనకు ప్రాణం. నా ఇంగ్లీషును తెలుగులోకి మారుస్తూ గట్టిగా మొదలుపెట్టాడు.

"నేను, గున్నమ్మ, నా పూర్తి ఇష్టంతో తెలియజేసేదేమంటే, నా ఫిర్యాదు నిజం కాదు. విమానాల వల్ల మా బస్తీలో..."

విమానం వచ్చింది. బల్లమీద గ్లాసు గలగలలాడింది. ఆయన పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. విసుగ్గా కాగితం దించి, అది పోయేదాకా ఆగాడు.

"విమానాల వల్ల మా బస్తీలో ఏ చప్పుడూ..."

అదే విమానం, దిగినట్టే దిగి మళ్లీ లేచింది. ఈసారి దూది కూడా పనిచేయలేదు. ఆయన రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు. చినబాబు తల వంచుకుని పాసు ఉన్న జేబును చేత్తో అదుముకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనమీద అసహ్యం వేసింది, ఆ కాగితం రాసిన చేతిమీద అంతకన్నా ఎక్కువ వేసింది. గున్నమ్మ ఒక్కతే కదలకుండా నిలబడింది, సిరా పూసిన బొటనవేలు పైకి పట్టుకుని.

చప్పుడు అణిగింది. ఆయన చేతులు దించి కాగితంలో వెతుక్కున్నాడు.

"ఎక్కడ ఆపాను?"

గున్నమ్మ చెప్పింది.

"'ఏ చప్పుడూ' అన్నకాడ ఆపీసారు బాబూ. 'నేదు' అనేది ఒక్కటే మిగిలింది. మళ్లీ వొచ్చీలోగా సదివీయండి."