కోటయ్య పెంచిన గరిక

2023 వేసవి. మాచర్ల, రెంటచింతల మధ్య ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో నేను గోల్ఫ్ కోచ్‌ని. పల్నాడులో గోల్ఫ్ ఏమిటని నవ్వకండి. నరసరావుపేటలో మా వీధి కిరాణా కొట్టు శెట్టిగారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. "ఏందయ్యా సుభానీ, కర్రతో బంతిని కొట్టేదానికి జీతమిస్తారా?" అని నలుగురిలో అడుగుతారు. ఆఫీసర్ల కోసం వేసిన చిన్న మైదానం మాది. కాలనీలో వాడేసిన నీళ్ళను శుద్ధి చేసి గడ్డికి పెడతారు. రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్ళకు అక్కడ పచ్చగడ్డి బతకడం ఎంత గొప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఆ గడ్డిని బతికించింది కోటయ్య. బొల్లాపల్లి మెట్ట రైతు. బోరు ఎండిపోయాక మా దగ్గర మాలీగా చేరాడు. సాయంత్రాలు పని అయ్యాక, ఆఫీసర్లు వద్దనుకున్న పాత కర్రలతో తనే ఆట నేర్చుకున్నాడు. చివరికి బంతి పడాల్సిన గుంట దగ్గర, దాన్ని మెల్లగా దొర్లించే దెబ్బలో నేను కూడా అతనికి సరిపోను. ఆ ఏడాది కాంట్రాక్టు మాలీలను తీసేయాలని పైవాళ్ళు నిర్ణయించారు. మేనేజరుగారు ఒక దారి చూపారు. మైదానంలో ఆడి చూపించే కోచ్ అర్హత పరీక్ష పాసైతే నాకు అసిస్టెంటుగా పెట్టుకుంటామన్నారు. కోటయ్య అప్పటికే ఒకసారి వెళ్ళి తప్పాడు. వానలు పడ్డాక ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే పెళ్ళాం బిడ్డలతో కూలికి పోవడమే.

అతని లోపమంతా ఐరన్ షాట్‌లో ఉంది. ఐరన్ అంటే ఇనుప తల ఉన్న కర్ర. దూరం నుంచి బంతిని లేపి గుంట పక్కన దించడానికి వాడతాం. బంతి లేవాలంటే కర్రను పైకి లాగాలని అందరూ అనుకుంటారు. నిజానికి కర్ర కిందికి దిగుతూ ముందు బంతిని, ఆ తరువాత నేలను తాకాలి. ఒంటి బరువు ఎడమ కాలి మీదికి రావాలి, చేతులు బంతికంటే ముందుండాలి. అప్పుడు బంతి ఉన్న చోటికి కాస్త అవతల అరచేతంత గడ్డిపెళ్ళ లేచిపోతుంది. దాన్ని డివాట్ అంటారు. కోటయ్య కొడితే ఒక్క పరక కదిలేది కాదు. బంతి నడుమెత్తున దూసుకుపోయి గుంట దాటి ఎక్కడో తేలేది.

సున్నంతో గీత గీసి, కర్ర నేలను తాకితే గీత అవతలే తాకాలన్నాను. కుదరలేదు. బంతి వెనక తువ్వాలు పరిచి, కర్ర దానికి తగలకుండా కొట్టమన్నాను. అదీ కుదరలేదు. నాకు ఓపిక తక్కువ. "ఒరేయ్, చెప్పింది చెవికెక్కుతుందా నీకు?" అని కేకలేసి, ట్రాక్టరు నిలిపే మట్టినేల మీదికి లాక్కుపోయి అక్కడా గీత గీసి కొట్టమన్నాను. సరిగ్గా గీత అవతల దుమ్ము లేచింది. మళ్ళీ కొట్టించాను. మళ్ళీ అంతే. రాయిలాంటి నేలకు జంకనివాడు మెత్తటి గడ్డికి జంకుతున్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

కోటయ్య కర్ర కింద పెట్టాడు. "గడ్డి మీద చెయ్యి రాదు మాస్టారూ. మొన్న మే నెల్లో పైపు పగిలితే బిందెలతో మోసి బతికించిన గడ్డి. దాన్ని తెగ్గొట్టాలంటే చానా ఇదిగా ఉంటది."

"మాలీవి గదరా, తెగితే మళ్ళీ మొలుస్తదని తెలవదా?"

"తెలుసు. తెలిసినా చెయ్యి రాదు."

ఇన్నేళ్ళలో ఇలాంటి జబ్బు నేనెక్కడా చూడలేదు. నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని అడిగాను, "మీ చేలో గరిక మొలిస్తే ఏం జేస్తావు?" అతని మొహం మారిపోయింది. "గరికా? దాన్ని తవ్వి తవ్వి మా నాయన నడుం వంగిపోయింది మాస్టారూ." మా మైదానంలో ఉన్నదీ గరికే, కాకపోతే కాస్త మేలురకం.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం బండి మీద బొల్లాపల్లి వెళ్ళాం. బీడు పెట్టిన అతని చేలో గరిక దట్టంగా అల్లుకుని ఉంది. ఎదర మనిషీ గొడ్డూ లేవని చూసుకుని ఐరన్ చేతికిచ్చాను. కోటయ్య భార్య రమణమ్మ గట్టు మీద నడుమున చేతులు పెట్టుకుని నిలబడింది. "నేను కలుపుకు రమ్మంటే నడుం నొప్పంటాడన్నా. ఇప్పుడేమో ఇనుప కర్ర పట్టుకొచ్చాడు" అంది.

కోటయ్య నవ్వలేదు. పాత పగవాణ్ణి చూసినట్టు గరికను చూశాడు. కర్ర పైకి వెళ్ళింది, దిగింది. ముందు బంతి, వెంటనే నేల, రెండూ కలిసి ఒకే చప్పుడు. వేళ్ళతో సహా గరిక పెళ్ళ లేచింది. బంతి ఎత్తుకు ఎక్కి, పైన ఆగినట్టే ఆగి, అవతలి గట్టు పక్కన దిగి కదలకుండా కూర్చుంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పెద్ద మైదానాల్లో పేరున్న ఆటగాళ్ళ దగ్గర మాత్రమే విన్న చప్పుడది. చెప్పుల్లేని కాళ్ళతో మెట్టచేలో నిలబడ్డ మనిషి కర్ర నుంచి వచ్చింది. "అమ్మ కోటయ్యా!" అన్నాను. సాయంత్రానికి చేను సగం తవ్వి పెట్టాడు. రమణమ్మ మాత్రం చానా సంతోషించింది.

కాలనీకి తిరిగొచ్చాక మళ్ళీ చెయ్యి వెనక్కి తగ్గింది. అప్పుడు పక్కన ఒక బకెట్టు ఇసుక, చెంబుడు నీళ్ళు పెట్టాను. "కొట్టు, పూడ్చు, నీళ్ళు పొయ్యి. అప్పుడే రెండో బంతి" అన్నాను. పళ్ళు బిగబట్టి కొట్టాడు. పెళ్ళను ఏరి తెచ్చి అదే చోట పెట్టి, ఇసుక చల్లి, అరికాలితో అదిమి, నీళ్ళు పోశాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ మచ్చలు చూసొచ్చేవాడు. అవి పూడుతున్న కొద్దీ అతని చెయ్యి తెరిపిన పడింది.

పరీక్ష హైదరాబాదు అవతల. చివరి గుంటకు వచ్చేసరికి ఒక్క దెబ్బ వృథా అయినా తప్పినట్టే. బంతి లేత గడ్డిలో ఉంది, ముందు నీటి మడుగు. పాత దెబ్బ పడితే బంతి నీళ్ళలోకి, కోటయ్య కూలికి. నేను దూరంగా నిలబడి అల్లాను తలుచుకున్నాను. కోటయ్య కొట్టాడు. చేలో విన్న చప్పుడే. బంతి మడుగు దాటి గుంట పక్కన దిగి ఆగింది. నేను గట్టిగా అరిచేశాను. అతను మాత్రం అటు చూడనేలేదు. లేచిపోయిన పెళ్ళ కోసం పరిగెత్తి, దాన్ని తెచ్చి, ఎవరిదో నేలలో మోకాళ్ళ మీద కూర్చుని అదుముతున్నాడు. తన బతుకు తేల్చే బంతి ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా గడ్డిని సర్దుతున్న ఆ మనిషిని చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు నేర్పిన ఆటలో ఇంత పెద్దది ఒకటుందని నాకు తెలియదు.

పాసయ్యాడు. అప్పటినుంచి ఎవరి చెయ్యి తడబడినా నేను ముందు భుజాలూ మోచేతులూ చూడను. దేనికి ఏమవుతుందని భయమో అడుగుతాను. కోటయ్యకు ఆ అడగడం కూడా అక్కర్లేదు. మొన్న కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకాయన, గడ్డి పాడవుతుందేమోనని కర్ర ఎత్తి ఆపేశాడు. కోటయ్య ఇసుక బకెట్టు దగ్గరికి జరుపుకున్నాడు.

"కొట్టండి సార్," అన్నాడు, "పూడ్చేదానికి నేనున్నాగా."