తెల్ల హెల్మెట్టూ, నా చేతిలో మైకూ

ఆ రోజుల్లో నాకు హాస్యం అంటే ఏమిటో బాగా తెలుసు. ఇప్పుడే తెలియడం లేదు. ఆరేళ్ళ కిందటి మాట, పెళ్ళయి బహ్రెయిన్ వచ్చిన కొత్త. అప్పటికి పాప లేదు. పాప నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే జబ్బు (ఈ నాలుగు మాటలు రాసేలోపే రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చాను) అసలే లేదు. ఉన్నదల్లా ధైర్యం. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవానికి నేను రాసిన నాటికకి హాలు హాలంతా నవ్వింది. ఆ హాల్లో ఉన్నది మా క్లాసువాళ్ళేననీ, మా కెమిస్ట్రీ మేడంలా కొంగు సర్దుకుంటే చాలు వాళ్ళు నవ్వేస్తారనీ నాకు తట్టలేదు. నేను హాస్య రచయిత్రినని తేల్చేసుకున్నాను. అత్తవారింటికి తెచ్చుకున్న సారెలో ఆ నమ్మకం కూడా ఒకటి.

మా ఆయనది హిద్‌లో పోర్టు ఉద్యోగం. నేను అద్లియాలో ఒక కేకుల షాపులో ఆర్డర్లు రాసుకునేదాన్ని. ఒక శుక్రవారం మా తెలుగువాళ్ళ కమిటీ పెద్దాయన (అందరికీ ఆయన కమిటీ అంకులే) మా ఇంటికి టీకి వచ్చి, ఉగాదికి మామీర్ దగ్గర ఒక లేబర్ క్యాంపులో కార్యక్రమం పెడుతున్నామనీ, ఏటా పంచాంగం అవగానే జనం బిర్యానీ గిన్నెల వైపు వెళ్ళిపోతున్నారనీ, వాళ్ళని పావుగంట కూర్చోబెట్టే హాస్య నాటిక కావాలనీ అన్నారు. మా ఆయన కప్పు కింద పెట్టకుండానే, "మా ఆవిడ రాస్తుందండీ. కాలేజీలో హాలంతా పడి పడి నవ్వారట" అన్నారు. ఆ 'అట'ని నేను పట్టించుకోలేదు.

వారం రోజులు ఫోన్లో హాస్యం ఎలా రాయాలో చెప్పే వీడియోలు చూశాను. ఏదైనా మూడు చెప్పాలట. రెండు మామూలువి, మూడోది విడ్డూరమైనది. సరే అని అలాగే పన్నెండు పేజీలు రాశాను. అత్తా, కోడలూ, చీపురూ. డాక్టరూ, రోగీ, మేకా. (మేక ఎందుకొచ్చిందని అడగొద్దు. మూడోది కావాలి కదా.) తర్వాతి శుక్రవారం మా ఆయన్ని వెంటబెట్టుకుని క్యాంపుకి వెళ్ళి, మెస్సు హాల్లో చుట్టూ కూర్చున్నవాళ్ళకి చదివి వినిపించాను. మర్యాదస్తులు, ఒక్కరూ లేచి వెళ్ళలేదు. అయిపోయాక వెనక బల్ల మీదున్న ఒకాయన, బస్సు గురించి అడిగినట్టు ఎంతో అమాయకంగా అడిగాడు.

"మంచిగున్నది మేడం. నవ్వేది ఎప్పుడొస్తది?"

క్యాంపులో అందరూ కథల మేస్త్రి అని పిలిచేది ఆయన్నే. జగిత్యాల వైపు మనిషి. ఊళ్ళో మేస్త్రే గానీ, ఇక్కడ కంపెనీ కాగితాల్లో హెల్పరు. అంటే బ్లాకులు మోసే పని. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి భాగోతాలు ఆడేవాడట. అందులో హాస్యగాడి వేషం ఆయనదేనట. ఆ రక్తమేమో, మేస్త్రి "ఇయ్యాల పప్పుల ఉప్పు లేదు" అన్నా చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. నేను అదే మాట ఇంట్లో అంటే మా ఆయన ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

సిగ్గు చంపుకుని ఆయన్నే అడిగాను. "మేస్త్రి గారూ, నా దాంట్లో తప్పేంటండీ?"

"తప్పేం లేదు మేడం. మీరు నవ్వును రాసిన్రు. నవ్వు రాస్తే రాదు. భయం రాయుండ్రి."

"భయం రాస్తే ఏడుస్తారు కదండీ?"

"వానికి లోపట గజగజ ఉండాలె. పైకి మాత్రం నాకేమైందన్నట్టు ఉండాలె. గంతే. ఇగో నన్ను చూడుండ్రి" అంటూ ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయనకి ఒక్కతే కూతురు, నర్సింగ్ చదువుతోంది. ఆయన వచ్చిన కొత్తలో ఫోన్లో ఆయన చేతులు చూసి, "నాన్నా, నువ్వు కూలి పని చేస్తానవా? గట్లయితే నేను చదువు బందువెట్టి అమ్మతోని బీడీలు చేస్త. నువ్వు ఇంటికి రా" అందట. అన్నంత పనీ చేసే పిల్ల. ఈయన అక్కడికక్కడ, "నీకెవలు చెప్పిన్రే? నేను సూపర్‌వైజర్‌ను" అనేశాడు. అన్నాక చూపించాలి కదా! సైటులో హెల్మెట్ రంగును బట్టే మనిషి. పసుపుపచ్చవి కూలీలకి, తెల్లది ఇంజినీరుకి. మధ్యాహ్నం ఇంజినీరు భోజనానికి వెళ్ళగానే మేస్త్రి ఆఫీసు క్యాబిన్‌లో దూరి, ఆ తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చుని, మూడు నిమిషాలు కూతురికి వీడియో కాల్ చేస్తాడు. ఆయనొక్కడే కాదు, ఆయన కుర్చీ దిగేసరికి బయట ఇంకో నలుగురు లైన్లో నిలబడి ఉంటారు. "తొందరగ రావయ్యా, నా పెండ్లాం ఫోను వట్టుకోని కూసున్నది" అంటూ.

మేస్త్రి అదంతా ఆడి చూపించాడు. కుర్చీలో వెనక్కి వాలడం, లేని ఫైలు తిరగేయడం, తలుపు చప్పుడైతే కళ్ళు మాత్రమే అటు తిరగడం. నాకు నవ్వి నవ్వి కడుపునొప్పి వచ్చింది. అంతలోనే ఆ బీడీల మాట గుర్తొచ్చి నవ్వు మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచి ఉంచాలో మూయాలో తెలియలేదు.

"దీనికి నవ్వొచ్చాండీ?"

"నవ్వుండ్రి. నేను చెప్పింది అందుకే."

"ఇది నాటికగా రాస్తే మీ అమ్మాయికి తెలిసిపోదూ?"

"ఆమె జగిత్యాల్ల ఉన్నది. మనం ఈ మెస్సుల చెప్పుకునేది గక్కడిదాక వోతదా?"

రాశాను. మేకని తీసేసి మేస్త్రిని పెట్టాను. ఇంజినీరు వేషానికి మా ఆయన్ని ఒప్పించాను. ఆయనకి ఉన్నది ఒకే ఒక్క డైలాగు. చివర్లో లోపలికి వచ్చి, "ఎవర్రా నా కుర్చీలో? యల్లా! హెల్మెట్ తియ్యి! బ్లాకులు మొయ్యడానికి పో!" అనాలి. (యల్లా అంటే ఇక్కడి అరబ్బీలో కదలమని.) అప్పుడు, కూతురి బదులు నేను పెట్టిన భార్య ఫోన్లో ఎవరాయన అని అడిగినట్టుగా, మేస్త్రి తాపీగా, "మా అసిస్టెంటే. ఎండకు జెర మతి తప్పింది" అంటాడు. నాలుగు శుక్రవారాలు రిహార్సల్ చేశాం. ఆ మాట వచ్చిన ప్రతిసారీ మెస్సు ఎగిరిపోయేది. మేస్త్రి చెప్పే కిటుకులన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. 'తొందరపడొద్దు' అని ఒక పేజీలో, 'ఆలస్యం చేస్తే సచ్చిపోతది' అని పక్క పేజీలో. 'జనం దిక్కు చూడొద్దు', దాని కిందే 'జనాన్ని చూడకుండ ఎట్లా ఆడతరు?' ఏది ఎప్పుడో మాత్రం రాసుకోలేదు. ఒక్కటి మాత్రం రెండుసార్లు గీత గీశాను: నవ్వించేవాడు నవ్వొద్దు.

పండగ రోజు సాయంత్రం క్యాంపు ఆవరణలో స్టేజీ. పులి బొమ్మల దుప్పట్లు కట్టి తెర చేశాం. బల్లలన్నీ నిండిపోయాయి. నాటికకి ముందు కమిటీ అంకుల్ నా చేతిలో మైకు పెట్టి, "నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు. జనాన్ని చూసి నాకు ఒళ్ళు తెలియలేదు. "మేము ఎంతో కష్టపడి తయారుచేసిన నాటిక ఇది. పండగపూట ఇంటిదగ్గర మీవాళ్ళు కూడా నవ్వుకోవాలి. అందరూ ఫోన్లు తియ్యండి! ఇళ్ళకి వీడియో కాల్ చేసి చూపించండి!" అన్నాను. చప్పట్లు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఎంత మంచి ఆలోచన వచ్చిందో నాకు, అనుకుంటూ పులుల వెనక్కి వెళ్ళాను.

నాటిక మొదలైంది. మేస్త్రి తెల్ల హెల్మెట్ పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. రిహార్సల్లో ఇక్కడే మొదటి నవ్వు. ఎవరూ నవ్వలేదు. లేని ఫైలు తిరగేశాడు. ఎవరో దగ్గారు. రెండు పులుల మధ్య సందులోంచి చూస్తే, నెల రోజులుగా పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళంతా పరీక్ష హాల్లో కూర్చున్నట్టున్నారు. నాకు చెమటలు పట్టాయి. తొందరపడ్డామా? ఆలస్యం చేశామా? పుస్తకం తీసి పేజీలు తిప్పాను. రెండూ ఉన్నాయి.

అంతలో మేస్త్రి కూడా ఆగిపోయాడు. ముందు వరసలో ఆయన గది మనిషి, పొడుగన్న అనేవాళ్ళం, ఫోను రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. మేస్త్రి ఆ ఫోనునే చూస్తున్నాడు. డైలాగు మరిచిపోయాడనుకున్నాను. గబగబా మా ఆయన్ని స్టేజీ మీదికి తోసేశాను. ఆయన "ఎవర్రా నా కుర్చీలో?" అన్నారు, బాగానే అన్నారు. మేస్త్రి ఆయన వంక చూసి కళ్ళతోనే వద్దన్నట్టు ఏదో చేశాడు. అంతే, మా ఆయన నిలువుగుడ్లు వేసుకుని ఉండిపోయారు. ఇక లాభం లేదని నేను దుప్పటి వెనక నుంచి అందించాను.

"యల్లా! హెల్మెట్ తియ్యి! బ్లాకులు మొయ్యడానికి పో!"

నా చేతిలో మైకు ఆపలేదని నాకు తెలియదు. క్యాంపు గోడలు అదిరేలా నా గొంతు నాకే వినిపించింది. ఎవరి గొంతో అనుకున్నాను. మేస్త్రి మెల్లగా లేచాడు. తెల్ల హెల్మెట్ తీశాడు. దాన్ని రెండు చేతులతో మా ఆయన నెత్తిన పెట్టి, సరిచేసి, భుజం తట్టాడు.

"విన్నరా ఇంజినీర్ సాబ్? ఇంట్లకెల్లి అమ్మగారు పిలుస్తున్నరు. పోండ్రి, బ్లాకులు మొయ్యుండ్రి. ఆఫీసు నేను చూసుకుంట."

అప్పుడు పేలింది నవ్వు. నాలుగు శుక్రవారాల నవ్వూ కలిపి ఒక్కసారే వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యో, అది కాదండీ! మోసేది ఆయన కాదు!" అన్నాను. మైకులోనే. మేస్త్రి మా ఆయన వైపు జాలిగా చూసి, "మరి ఎవలు మోస్తరు అమ్మా?" అన్నాడు. "మా ఆయనకి నడుం నొప్పి!" అన్నాను, ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ముందు వరసలో పొడుగన్న ఫోనుతో సహా కిందికి వంగిపోయాడు. ఆ ఫోనులోంచి ఒక ఆడపిల్ల నవ్వు, అందరికంటే గట్టిగా, స్టేజీ దాకా వినిపించింది. మా ఆయన ఆ హెల్మెట్‌తోనే నడుం పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చేశారు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క నటన అది. (నటన కాదు, నిజంగానే పట్టేసిందని తర్వాత చెప్పారు.)

జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. నేను తెర వెనక ఏడుపు మొహంతో మేస్త్రి మీద పడ్డాను. "నాటికంతా మార్చేశారు! నెల రోజులు కష్టపడి రాశాను! డైలాగు అందిస్తుంటే అందుకోరేం?"

ఆయన నీళ్ళ డబ్బా మీద కూలబడ్డాడు. "బిడ్డా, ముంగట పొడుగన్న వట్టుకున్న ఫోన్ల నా బిడ్డ ఉన్నది. చూడలేదా?" అన్నాడు. నెల రోజులుగా మేడం అన్న మనిషి.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన కూతురొక్కతే కాదు, ఆ హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడి భార్యా, తల్లీ, పిల్లలూ ఆ ఫోన్లలో ఉన్నారు. నవ్వితే తామే దొరికిపోతారు. ఎవరు నవ్వుతారు?

"ఇండ్లకు వీడియో వెట్టుమని ఏ తెలివిగల్లోడు చెప్పిండో!" అని తల పట్టుకున్నాడు. ఆయన లోపల ముఖానికి రంగు వేసుకుంటూ ఉండి నా ప్రసంగం వినలేదు.

"నేనేనండీ" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. నా చేతిలో మైకు చూశాడు. నవ్వించేవాడు నవ్వొద్దని నెల రోజులు చెప్పిన మనిషి, ఆ డబ్బా మీద నుంచి జారిపోయేంతగా నవ్వాడు. మైకు ఇంకా ఆపలేదు. మా మాటలు చప్పట్లలో కలిసిపోయాయి గానీ, ఆ నవ్వు విని బయట జనం మళ్ళీ నవ్వారు. ఎందుకో వాళ్ళకీ తెలియదు.

ఆ పిల్ల చదువు ఆపలేదు. నర్సయింది. మేస్త్రి రెండేళ్ళ కిందట ఊరికి వెళ్ళిపోయాడు. పాప పుట్టాక, ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నేను ముందు ఫోన్ చేసేది ఆ నర్సమ్మకే. "ఏం గాదు మేడం, నీళ్ళు తాపుండ్రి" అంటుంది, అచ్చం వాళ్ళ నాన్నలా తాపీగా. మొన్న ఒకసారి అలాగే మాట్లాడుతూ ఆ ఉగాది సంగతి ఎత్తితే అంది:

"మేడం, ఆ రోజు నాన్న హెల్మెట్ తీసి సార్ నెత్తిన వెట్టేటప్పుడు ఒక్కసారి నా దిక్కు చూసిండు. నాకు అప్పుడే సమజైంది, ఎవలు మోస్తాన్రో. నేను ఏడిస్తే ఆయన గా స్టేజీ మీదనే కూలబడుతుండె. గందుకే గంత గట్టిగ నవ్విన."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. "మరి నాన్నకి చెప్పావా?"

"లేదు మేడం. ఇప్పటికీ పొద్దూకితే వాకిట్ల కూసోని ఆఫీసు ముచ్చట్లు చెప్తడు. ఏసీ ఎక్కువైతే దుప్పటి కప్పుకునేటోడట. నేను, అమ్మ నవ్వుతనే ఉంటం."

ఆ సాయంత్రం ఎవరు ఎవర్ని నవ్వించారో, నేను రాసిన నాటిక ఏదో, ఆడింది ఏదో నాకింకా తేలలేదు. మా పాప మాత్రం నేను ఎంత హాస్యం చేసినా నవ్వదు, తుమ్మితే నవ్వుతుంది. పులుల దుప్పట్ల వెనక చెమటలు కక్కుతూ పుస్తకం తిరగేస్తున్న ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి అప్పుడప్పుడు కళ్ళ ముందు కనబడుతుంది. మైకు ఆపవే తల్లీ అని అరవాలనిపిస్తుంది. అంతలోనే, వద్దులే, ఉండనీ అనిపిస్తుంది.